మద్దతు అర్జీ కాదు: సిటీ కౌన్సిల్ మైకు ముందు మూడు నిమిషాల ఇంగ్లీష్

టెక్సాస్‌లో డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఒక శివారు ఊరు. అక్కడి సిటీ పార్కులో క్రికెట్ పిచ్ వేయాలన్న ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు వచ్చింది. దానికి మద్దతుగా మాట్లాడతామని ముందుకొచ్చిన వాళ్లలో నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన ఒక గృహిణి ఉంది. నేను హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పుతాను. ఆ మూడు నిమిషాల మాటలు సిద్ధం చేసుకోవడానికి ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ పేరు, ఊరి పేరు వదిలేసి, మిగతాది ఆవిడ అనుమతితో రాస్తున్నాను.

స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే తోటి టీచర్లు దీన్ని చదవాలని నా కోరిక. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో, డాక్టరు దగ్గర ఎలా చెప్పుకోవాలో, సెలవు ఎలా అడగాలో మనం చెబుతాం. ఒక మనిషి తరఫున, ఒక పని తరఫున నలుగురి ముందు నిలబడి ‘నేను దీనికి మద్దతు’ అని ఇంగ్లీష్‌లో ఎలా అనాలో మాత్రం మన సిలబస్‌లో దాదాపు ఉండదు. విదేశాల్లో స్థిరపడుతున్న మన వాళ్లకు స్కూల్ బోర్డు దగ్గర, అపార్ట్‌మెంట్ సంఘంలో, సిటీ హాల్లో ఈ అవసరం తరచూ పడుతోంది.

ఆవిడ పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత డిగ్రీ. భర్తది హెచ్-1బి ఉద్యోగ వీసా, తనది దాని మీద ఆధారపడిన హెచ్-4. కొడుకు స్కూల్ టీచర్లతో, దుకాణాల్లో ఇంగ్లీష్ ధైర్యంగానే మాట్లాడుతుంది. మొదటి రోజు ఆవిడ అడిగింది ఇంగ్లీష్ గురించి కాదు. “అక్కా, మాకు ఓటు లేదు. వీసా మీద ఉన్నోళ్లం. పోయి మాట్లాడితే ఏమన్నా ఐతదా?”

ఈ భయం తీరకుండా వాక్యాల జోలికి పోతే లాభం లేదు. మాట్లాడే హక్కు తనకుందో లేదో తెలియని మనిషి గొంతు ఎంత సాధన చేసినా లోపలికే పోతుంది. అందుకని ముందు చట్టం చూశాం. టెక్సాస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం 1967 నాటిది. 2019లో హౌస్ బిల్ 2840 ద్వారా దానికి ఒక సవరణ వచ్చింది. ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకునే ప్రతి ఒక్కరికీ, కౌన్సిల్ ఆ అంశాన్ని చర్చించే ముందో, చర్చిస్తున్నప్పుడో అవకాశం ఇవ్వాలని అది చెబుతుంది. చట్టంలో ఉన్న మాట ‘ప్రజల్లో ఎవరైనా’ అనే. ఓటరు అనో పౌరుడు అనో లేదు. సమయానికి హద్దు పెట్టుకునే వీలు మాత్రం కౌన్సిల్‌కి ఉంది. చాలా ఊళ్లలో అది మూడు నిమిషాలు.

అదే సవరణలో మన వాళ్లకు పెద్దగా తెలియని ఇంకో సంగతి ఉంది. అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకు, అక్కడ ఏకకాలంలో అనువదించే పరికరాలు లేకపోతే, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అంటే తెలుగులోనే మాట్లాడొచ్చు, అప్పుడు మూడుకి బదులు ఆరు నిమిషాలు దొరుకుతాయి. ఆవిడకు ఆ దారి కూడా చూపించాను. కాసేపు ఆలోచించి, “నాకు ఇంగ్లీషే కావాలె అక్కా, మా మామగారికి ఇది పనికొస్తది” అంది. మామగారి సంగతి తర్వాత చెబుతాను.

ఆవిడ రాసుకొచ్చిన మొదటి ప్రతి నా ముందే ఉంది. మొదలు ఇలా: “రెస్పెక్టెడ్ మేయర్ సర్ అండ్ ఆల్ ద డిగ్నిటరీస్ ప్రెజెంట్ హియర్.” ఆ తర్వాత తన పరిచయం, ఊరు అందాల గురించి రెండు వాక్యాలు, కౌన్సిల్ సేవల గురించి రెండు వాక్యాలు. తర్వాత పేరా అంతా క్రికెట్ ఘనత. 2024లో టీ20 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ ఇదే ప్రాంతంలోని గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో జరగడం, అక్కడే అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించడం, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉండబోవడం. చివర్లో “వి ఆల్ ఆర్ ఫుల్లీ సపోర్టింగ్ టు దిస్ ప్రాజెక్ట్. వి హంబ్లీ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.”

ఇందులో వ్యాకరణం తప్పులు దిద్దడానికి పది నిమిషాలు చాలు. కానీ దిద్దినా ఇది మద్దతు కాదు. ఇది అర్జీ. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి ఇచ్చే కాగితం ఇలాగే ఉంటుంది: పైన గౌరవ సంబోధన, మధ్యలో కష్టం, కింద ‘తమరు దయతలచి’. మన ఊళ్లలో అధికారి ముందు సామాన్యుడు నోరు విప్పేది ఎక్కువగా అడగడానికే కాబట్టి, ఆ మూస మన నాలుక మీద ముందే సిద్ధంగా ఉంటుంది. అర్జీలో మనం కింద ఉంటాం, ఇచ్చేవాడు పైన ఉంటాడు. మద్దతు అలా కాదు. నాకు తెలిసినది ఇది, దాన్ని బట్టి ఈ పని మంచిదని నా పేరు మీద చెబుతున్నాను అని పూచీ పడటం అది. వినేవాళ్లు చూసేది మన వినయాన్ని కాదు. ఈ మనిషి ఎవరు, దేనికి పూచీ పడుతోంది, ఎంత మేరకు పడుతోంది, ఏం చూసి పడుతోంది అన్నదే వాళ్లకు కావాలి. ఆవిడతో నేను చేసిన పని మొత్తం ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

‘ఎవరు’ దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ప్రతిలో అంతా ‘వి’. వి అంటే ఎవరు? “మన ఇండియన్సే” అంది. ఆ ఊళ్లో క్రికెట్ అక్కర్లేని భారతీయులు లేరా? అదే వీధిలో పార్కింగ్ గొడవతో విసిగిపోయిన తెలుగు కుటుంబం ఉన్నట్టు ఆవిడకే తెలుసు. ఎవరూ పంపకుండా అందరి తరఫున మాట్లాడితే, కౌన్సిల్ సభ్యుల్లో ఒక్కరు ‘మీరు ఏ సంస్థ ప్రతినిధి?’ అని అడిగారంటే మాట అక్కడే కూలిపోతుంది. ‘ఆన్ బిహాఫ్ ఆఫ్’ అనాలంటే ఆ సంస్థ తీర్మానించి పంపి ఉండాలి. ‘ఐ’ అంటే గర్వంగా ఉంటుందేమోనని ఆవిడ సందేహం. బహువచనంలో ఒదిగి ఉండటం మనకు మర్యాద. అక్కడ ‘ఐ’ అనడంలో గర్వం లేదు, బాధ్యత ఉంది. ప్రతి ‘వి’ కొట్టేసి ‘ఐ’ పెట్టాం. మాటలో వజ్రం లాంటి గట్టిదనం వచ్చింది.

ఇంకో సందేహం కూడా అప్పుడే వచ్చింది. “నేను ఆడను, ఆట రూల్సు కూడ సగమే తెలుసు. ఆడేటోళ్లు మాట్లాడాలె గాని నేనేంది?” దీనికి నేను ఆవిడకు 1848 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సభ గురించి చెప్పాను. స్త్రీలకు ఓటు కావాలన్న తీర్మానాన్ని ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పెట్టినప్పుడు, సభలోని సొంతవాళ్లే చాలామంది వెనకాడారు. దానికి మద్దతుగా లేచి మాట్లాడింది ఫ్రెడరిక్ డగ్లస్. పదేళ్ల క్రితమే బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతి వ్యక్తి, పురుషుడు. ఆ ఓటు వల్ల ఆయనకు వచ్చేదేమీ లేదు. తీర్మానం నెగ్గింది. ఆ సభ ప్రకటన మీద సంతకాలు చేసిన 68 మంది స్త్రీలు, 32 మంది పురుషుల్లో ఆయనా ఉన్నాడు. లాభం లేని మనిషి చెప్పే మద్దతుకి ఒక ప్రత్యేకమైన బరువు ఉంటుంది. ఆటగాడు పిచ్ కావాలనడం సహజం. ఆడని తల్లి ఎందుకు కావాలంటోందో వినాలని సభకు ఉంటుంది.

‘దేనికి’ అన్న ప్రశ్నకు జవాబు ఎజెండాలోనే ఉంది. అంశం నంబరు, సిటీ సిబ్బంది నివేదిక. ఆవిడ అప్పటిదాకా ఆ నివేదిక తెరవలేదు. ఇద్దరం కూర్చుని చదివితే అసలు విషయం బయటపడింది. ప్రతిపాదన ఆవిడ అనుకున్నంత పెద్దది కాదు. ఖాళీగా ఉన్న గడ్డి మైదానం మధ్యలో 22 గజాల పిచ్, టెన్నిస్ బంతికే అనుమతి, లైట్లు లేవు, ఉత్తరం వైపు కార్లు నిలిపే స్థలం. ‘క్రికెట్‌కి మద్దతు’ వేరు, ‘ఈ షరతులతో ఉన్న ఈ అంశానికి మద్దతు’ వేరు. కౌన్సిల్ ఓటు వేసేది రెండోదాని మీద. కాబట్టి ప్రపంచకప్, ఒలింపిక్స్ రెండూ తీసేశాం. ఆవిడకు అవి పోవడం కష్టంగా అనిపించింది, నాకు అర్థమైంది. అమెరికా గెలిచిన ఆ మ్యాచ్‌కి ఆవిడ కుటుంబమంతా వెళ్లింది. కానీ ఆ మూడు నిమిషాల్లో ఆ గెలుపు ఎవరి సందేహాన్నీ తీర్చదు.

ఇక ‘ఎంత మేరకు’. ఇక్కడే ఇంగ్లీష్ మాటల పని ఎక్కువ, ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాం. మనం ‘సపోర్ట్ చేస్తున్నాను’ అనే ఒక్క మాటతో అన్నిటినీ లాగించేస్తాం. ఇంగ్లీష్‌లో పూచీ మోతాదును బట్టి మాట మారుతుంది.

‘ఐ సపోర్ట్’ అన్నది సభకు సరిపోయే మాట. దాని తర్వాత ‘టు’ రాదు, నేరుగా అంశం వస్తుంది. ‘దేనికి’ మద్దతు అని మనం ‘కి’ పెడతాం కాబట్టి ఆ ‘టు’ దొర్లుతుంది. ‘మై సపోర్ట్’ అని నామవాచకంగా వాడితే ‘ఫర్’ పెట్టాలి. ‘ఐయామ్ సపోర్టింగ్’ అనేది కూడా ‘మద్దతిస్తున్నాను’ నుంచి వచ్చిందే. అలా అంటే ప్రస్తుతానికి, ఈ పూటకి మద్దతు అన్నట్టు ధ్వనించే ప్రమాదం ఉంది. నిలకడగా ఉండే మాటకు ‘ఐ సపోర్ట్’ చాలు. ‘ఫుల్లీ’, ‘స్ట్రాంగ్లీ’, ‘హోల్‌హార్టెడ్లీ’ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఎంత బలంగానో చెప్పాల్సింది క్రియా విశేషణం కాదు, వెనకాల వచ్చే కారణం.

‘ఐయామ్ ఇన్ ఫేవర్ ఆఫ్’ కూడా సభలో బాగుంటుంది. కాస్త చల్లగా, ఓటు చెప్పినట్టు ఉంటుంది. ‘ఐయామ్ ఆల్ ఫర్ ఇట్’ స్నేహితుల మధ్య మాట. దాని వెనకాల తరచూ ‘బట్’ తగులుకుని వస్తుంది కాబట్టి మైకు ముందు వద్దన్నాను. ‘బ్యాక్’ అంటే దన్నుగా నిలవడం. పలుకుబడి, డబ్బు, మనుషులు ఉన్నవాళ్ల నోట బాగా అమరుతుంది. ‘ఐ సెకండ్’ అనేది 1876లో హెన్రీ రాబర్ట్ ప్రచురించిన సభా నియమాల పుస్తకం ద్వారా అమెరికా అంతా పాతుకుపోయిన మాట. తీర్మానాన్ని బలపరచడం సభ్యుల పని. ప్రేక్షకుల వైపు నుంచి అది పొసగదు.

మనుషులకు మద్దతు చెప్పేటప్పుడు తేడాలు ఇంకా సున్నితం. ‘స్టాండ్ బై’ అంటే కష్టంలో ఉన్న మనిషిని వదలకపోవడం. ‘స్టాండ్ అప్ ఫర్’ అంటే అన్యాయంగా మాట పడుతున్న మనిషి తరఫున లేచి ఎదురు చెప్పడం. ‘వౌచ్ ఫర్’ అంటే అచ్చంగా మన జామీను లాంటిది. ఈ మనిషిని నేను స్వయంగా ఎరుగుదును, తేడా వస్తే నా మాట పోతుంది అని. ‘ఎండార్స్’ అంటే నా పేరును బహిరంగంగా వాడుకోండి అని ఇవ్వడం. ఆవిడ ప్రతిలో ‘ఐ స్టాండ్ ఫర్ క్రికెట్’ అని ఉంది. దానర్థం నేను క్రికెట్‌కి ప్రతీకనని, లేదా నా సిద్ధాంతం క్రికెట్ అని. ఒక్క చిన్న ‘అప్’ లేకపోతే మాట ఇంకెక్కడికో పోతుంది. ఆవిడకు ఈ జాబితా బట్టీ పెట్టించలేదు. ఒక్కో మాటకు తన జీవితంలోంచి ఒక మనిషిని వెతకమన్నాను. ‘స్టాండ్ బై’కి వెంటనే వాళ్ల అక్క వచ్చింది. ‘వౌచ్ ఫర్’కి ఎవరూ దొరకలేదు. “అంత గ్యారంటీ ఎవరికి ఇస్తం అక్కా?” అంది. ఆ మాట బరువు ఆవిడకు అప్పుడే అందింది.

‘ఏం చూసి’ అన్నదానికి జవాబు ఆవిడ దగ్గర పుష్కలంగా ఉంది, ప్రతిలో మాత్రం లేదు. శని, ఆదివారాల్లో కొడుకుని పక్క ఊరి మైదానానికి కారులో తీసుకెళ్తుంది. అక్కడ ఖాళీ దొరక్కపోతే పిల్లలు ఒక దుకాణాల సముదాయం వెనక పార్కింగ్‌లో ఆడతారు. కార్లు వెనక్కి వస్తుంటే ఒక తల్లి ఎప్పుడూ కాపలా నిలబడుతుంది. ఇది చెబుతున్నప్పుడు ఆవిడ ఇంగ్లీష్ తడబడలేదు, నన్ను తెలుగులోకి మళ్లనివ్వలేదు కూడా. కొత్త ప్రతికి ఇదే వెన్నెముక అయింది.

చివరికి నిలిచినది ఇది, తెలుగు లిపిలో రాస్తే: “మై నేమ్ ఈజ్...” అని పేరు, ఏ వీధి. “ఐ సపోర్ట్ ఐటెమ్...” అని నంబరు, “విత్ ద కండిషన్స్ ఇన్ ద స్టాఫ్ రిపోర్ట్.” ఆ తర్వాత పార్కింగ్‌లో ఆడే పిల్లలు, కాపలా తల్లి. తర్వాత ఎదుటివాళ్ల భయం గురించి రెండు వాక్యాలు. చివర “ఐ ఆస్క్ యూ టు వోట్ యెస్. థాంక్యూ.” అంతే. ‘నీడ్‌ఫుల్’ లేదు, ‘హంబ్లీ’ లేదు. నిదానంగా చదివితే రెండున్నర నిమిషాలు. మిగిలిన అర నిమిషం కావాలనే వదిలాం.

ఎదుటివాళ్ల భయం గురించిన ఆ రెండు వాక్యాల మీద మాకు వాదన జరిగింది. మద్దతు చెప్పడానికి వెళ్లి వాళ్ల మాట మనమెందుకు ఎత్తాలని ఆవిడ. మన సభల్లో మద్దతు ప్రసంగం అంటే పొగడ్త, ఎదుటి పక్షం ఊసెత్తితే బలహీనత. అక్కడ అది తిరగబడుతుంది. కౌన్సిల్ సభ్యులకు రెండు వైపుల నుంచీ ఈమెయిల్స్ వచ్చి ఉంటాయి. బంతి తగులుతుందని, కార్లు అడ్డంగా పెడతారని వాళ్లు అప్పటికే చదివి ఉంటారు. ఆ సంగతి తెలియనట్టు మాట్లాడితే మన మద్దతు కూడా తెలియనితనంగానే కనిపిస్తుంది.

సాధనలో అనుకోనిది ఒకటి తేలింది. వీడియో కాల్‌లో ‘ఐ సపోర్ట్’ అంటున్నప్పుడు ఆవిడ తల అటూ ఇటూ ఊగుతోంది. మనకు అది ‘అవును, నిజమే’. అమెరికన్ కంటికి అది ‘కాదు’. నోరు అవునంటుంటే తల కాదంటోందన్నమాట. ఆపమంటే ఆగే అలవాటు కాదది. ఆపడానికి ప్రయత్నిస్తే మెడ బిగిసి గొంతు సన్నబడింది. చివరికి ఆ ఒక్క వాక్యానికి చెయ్యి పోడియం అంచు మీద పెట్టి, మేయర్ కళ్లలోకి చూడమన్నాను. చూపు ఒకచోట నిలిస్తే తల తనంతట తనే నిలిచింది. ‘సపోర్ట్’ అన్న మాటలో రెండో అక్షరం మీద ఒత్తు పడాలి. మనం రెండిటినీ సమంగా పలికితే, వేగంలో అది వాళ్ల చెవికి జారిపోతుంది. ఇంతకు మించి ఉచ్చారణ జోలికి పోలేదు. నిజామాబాద్ యాస ఇంగ్లీష్‌లో వినిపించింది, వినిపించనీ.

పిచ్ కావాలంటున్న క్రికెట్ క్లబ్బు వాళ్లు ఈలోగా వాట్సాప్ గ్రూపులో ఒక ఈమెయిల్ నమూనా పెట్టారు, అందరూ కింద పేరు మార్చి పంపేయండని. ఆవిడ నాకు చూపించింది. ఒకే ఉత్తరం యాభై మంది పంపితే చదివేవాళ్లకు అది ఒక్క ఉత్తరమే. ఆవిడ గ్రూపులో నమూనాకి బదులు మూడు ప్రశ్నలు పెట్టింది: మీరు ఏ వీధిలో ఉంటారు, మీ పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు, ఈ షరతుల్లో మీకు ముఖ్యమైనది ఏది. జవాబులే ఉత్తరాలు అయ్యాయి. సబ్జెక్ట్ లైన్‌లో అంశం నంబరు, పక్కన ‘సపోర్ట్’ అన్న ఒక్క మాట, గడువు లోపల సిటీ సెక్రటరీకి. కొందరి ఇంగ్లీష్ ముక్కలు ముక్కలుగా ఉంది. నేను దిద్దలేదు, ఆవిడనీ దిద్దొద్దన్నాను. మాట్లాడలేని వాళ్లకు చాలా ఊళ్లలో సభ దగ్గర ఒక కార్డు కూడా ఉంటుంది. అనుకూలం, వ్యతిరేకం అని గడులు. టిక్కు పెట్టి ఇస్తే పేరు రికార్డులోకి ఎక్కుతుంది.

మామగారు రిటైరైన పీఈటీ మాస్టారు, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. తెలుగులో మాట్లాడతానన్నారు. కాలేజీ చదివే పక్కింటి అమ్మాయి అనువాదానికి ఒప్పుకుంది. ఆయనతో పని వేరే రకం. ఆయన మాట ధాటిగా సాగిపోతుంది, ఊపిరి తీసుకునే లోపు ఆరేడు వాక్యాలు వచ్చేస్తాయి. అమ్మాయికి అందులో సగం గుర్తుండదు. “మాస్టారూ, ఒక వాక్యం, ఆగడం. విజిల్ ఊదినట్టు ఆగాలి” అంటే ఆయనకు నచ్చింది. ఆటస్థలం లేని బడిలో పీఈటీగా పనిచేయడం ఎలా ఉంటుందో ఆయన చెప్పదలుచుకున్నారు. పిల్లల్ని రోడ్డు పక్కన పరిగెత్తించిన రోజులవి. అది అనువాదంలో కూడా చెడని మాట.

సభ సాయంత్రం ఆరున్నరకి. మనకు తెల్లవారుజామున ఐదు. ప్రత్యక్ష ప్రసారం పెట్టుకుని చూశాను. సిబ్బంది నివేదిక చదివారు, మేయర్ పబ్లిక్ హియరింగ్ తెరిచారు. ఆవిడకన్నా ముందు పిలిచింది వ్యతిరేకించే ఒక పెద్దాయనని. పార్కుని ఆనుకున్న వీధి ఆయనది. ఆదివారం తన డ్రైవ్‌వేకి అడ్డంగా కార్లు పెడతారని, రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యమైందని కోపం లేకుండా చెప్పారు. హాలు నిశ్శబ్దమైంది. తర్వాత ఆవిడ పేరు. మేయర్ ఆ పేరుని తప్పుగా పలికారు, ఆవిడ ఒకసారి సరిగా పలికి ముందుకు సాగింది.

చెయ్యి పోడియం మీద పెట్టింది. “ఐ సపోర్ట్ ఐటెమ్” దగ్గర తల నిలకడగా ఉంది. పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి కాగితంలో లేని మాట అంది. ఇప్పుడు మాట్లాడిన పెద్దాయన మా పక్క వీధి, ఆ కార్లు నేనూ చూశాను, ఆయన చెప్పింది నిజం. “దట్ ఈజ్ వై ఐ సపోర్ట్ ద ప్లాన్ విత్ ద నార్త్ పార్కింగ్ లాట్.” వదిలిపెట్టిన ఆ అర నిమిషం అక్కడ ఉపయోగపడింది. మద్దతు చెబుతూ ఎదుటి మనిషి సాక్ష్యానికి కూడా పూచీ పడటం నేను రాసివ్వలేదు, ఎవరూ రాసివ్వలేరు.

ఒక సభ్యురాలు అడిగింది, క్లబ్బు పిల్లల దగ్గర ఫీజు తీసుకుంటుందా అని. ఆవిడ జవాబు: “ఐ యామ్ నాట్ ఇన్ ద క్లబ్. మై సన్ ప్లేస్. ఐ కాన్ట్ ఆన్సర్ ఫర్ దెమ్.” క్లబ్బు కార్యదర్శి వెనక వరసలోనే ఉన్నాడు, ఆయన్ని పిలిచి అడిగారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం వల్ల అప్పటిదాకా చెప్పినదానికి బలం పెరిగింది. ప్రసారం మళ్లీ చూసినప్పుడు ఆ సభ్యురాలు అక్కడ ఏదో రాసుకోవడం కనిపిస్తుంది.

మాస్టారు ఆరు నిమిషాల్లో నాలుగే వాడుకున్నారు. ఆరంభంలో ‘తమరందరికీ’ అని మొదలుపెట్టబోయి, ఆగి, పేరు చెప్పి, బడి సంగతి చెప్పారు. మెజారిటీ ఓటుతో అంశం నెగ్గింది. ఆదివారం ఉదయం ఎనిమిది లోపు ఆట ఉండకూడదని ఒక షరతు చేర్చారు. ఓటు ఎవరి మాట వల్ల పడిందో చెప్పడం నా పని కాదు. ఉత్తరాలు, సిబ్బంది నివేదిక, క్లబ్బు వాళ్ల ఏళ్ల తరబడి పని, అన్నీ ఉన్నాయి.

సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను. టెక్సాస్‌లో మునిసిపల్ ఎన్నికలు మామూలుగా మే నెల మొదటి శనివారం ఉంటాయి. ఆ ప్రచారంలో, పిచ్‌కి అనుకూలంగా ఓటేసిన ఒక కౌన్సిల్ సభ్యురాలి తరఫు వాళ్లు ఆవిడని అడిగారు: కరపత్రంలో మీ ఫొటో, మీ మాట వేసుకోవచ్చా, ‘ఎండార్స్ చేస్తున్నాను’ అని. ఆవిడకు సంతోషంతో పాటు గుబులు. ఇక్కడ నేను చెప్పగలిగినంత చెప్పి, మిగతాది ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమన్నాను. గ్రీన్ కార్డు లేని విదేశీయులు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకీ చందా ఇవ్వకూడదు, స్థానిక ఎన్నికలకు కూడా. డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా సాయం చేయడం వేరు, దానికి వీలుంది. అభిప్రాయం చెప్పడానికీ అడ్డు లేదు. లాయరు కూడా అదే చెప్పాడట.

చట్టం ఒప్పుకున్నా మాట ఒప్పుకోవాలి కదా. ఆ సభ్యురాలి గురించి ఆవిడకు తెలిసింది ఎంత? ఒక్క అంశం. పన్నుల మీద, ఇళ్ల అనుమతుల మీద ఆమె ఏం చేసిందో తెలియదు. ‘ఎండార్స్’ అంటే మొత్తం మనిషికి పేరు ఇవ్వడం. ఆవిడే అంది, “నాకు తెలిసినకాడికే రాస్త అక్కా.” రాసింది తెలుగులో చెప్పాలంటే ఇంతే: మా పార్కు విషయం వచ్చినప్పుడు ఆమె మైదానానికి వచ్చి చూసింది, రెండు వైపుల వాళ్లతో మాట్లాడింది, ఆ తర్వాత అనుకూలంగా ఓటు వేసింది, దానికి ధన్యవాదాలు. ప్రచారం వాళ్లు ‘రెండు వైపుల వాళ్లతో’ అన్న ముక్క తీసేస్తామన్నారు. తీస్తే వేయొద్దంది. వేశారు.

ఇదే సమయంలో అక్కడి తెలుగు సంఘంలో ఒకరిద్దరు, సంఘం పేరుతోనే ఆ అభ్యర్థికి మద్దతు ప్రకటిద్దామన్నారు. మన సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద నమోదైన దాతృత్వ సంస్థలు. అలాంటివి ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదని 1954 నుంచి ఫెడరల్ పన్ను చట్టంలో ఉంది. పార్కు అంశానికి సంఘం ఉత్తరం రాయొచ్చు, పరిమితుల లోపల. అభ్యర్థికి రాయకూడదు. అధ్యక్షుడు వ్యక్తిగా మాట్లాడుకోవచ్చు, అయితే సంఘం వేదిక, లెటర్‌హెడ్, మెయిలింగ్ లిస్టు వాడకుండా. విదేశాల్లో సంఘాలు నడిపే మన పెద్దలు చాలామంది ఇది తెలియకే వేదిక మీద అభ్యర్థికి శాలువా కప్పేస్తారు. ఆవిడ ఈ సంగతి సంఘం సమావేశంలో చెప్పింది, తెలుగులోనే. వాళ్లు ఆ ఆలోచన విరమించుకున్నారు.

ఇప్పుడు ఆవిడ ఒక ఉత్తరం మీద పనిచేస్తోంది. ఊరి లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఉద్యోగినికి సిటీ ఇచ్చే పురస్కారం కోసం సిఫార్సులు అడిగారు. ఆ ఉద్యోగిని వారం వారం కథల గంటకి మన పిల్లల పేర్లు ముందే అడిగి, సరిగా పలకడం నేర్చుకుని మరీ పిలుస్తుందట. మూడేళ్లుగా ఆవిడ చూస్తోంది. ఉత్తరం తొలి వాక్యం నాకు నిన్న పంపింది: “ఐ కెన్ వౌచ్ ఫర్ హర్, బికాజ్ ఐ హావ్ సీన్ హర్ ఎవ్రీ థర్స్‌డే ఫర్ త్రీ ఇయర్స్.” అందులో నేను మార్చాల్సింది ఏమీ లేదు.